చేతికందే చెట్టు

వరంగల్ కాశిబుగ్గలో ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఇంటి వెనక జాగా కొంచెమే. ఆ కొంచెం జాగాలోనే ఒక మునగ, ఒక కరివేపాకు, ఒక జామ, గోడ వారకు మల్లె పొద పెట్టుకునే వాళ్ళున్నారు.

మునగ తొందరగా పెరుగుతుంది. చూస్తుండగానే ఇంటి కప్పు దాటుతుంది. కాయలన్నీ పైన కాస్తాయి. ఇంటి ఆడవాళ్ళ చేతికి ఒక్కటీ అందదు. అప్పుడు పిల్లలను ఎక్కిస్తారు. లేదంటే ఇనుప చువ్వతో లాగుతారు. రెండూ ప్రమాదమే. మునగ కట్టె మెత్తన. బరువు ఆగదు, పుటుక్కున విరుగుతుంది. ఇక పక్కన కరెంటు తీగ ఉంటే, దానికి చువ్వ తగిలితే ప్రాణమే పోతుంది. తీగకు తగిలే కొమ్మను ఎవరూ సొంతంగా కొట్టొద్దు. కరెంటు ఆఫీసులో చెప్పాలి. వాళ్ళు లైను ఆపి కొడతారు.

మొక్క చిన్నగా ఉన్నప్పుడే కొన తుంచితే ఇంత దూరం రాదు.

“పెరిగే మొక్క తల తుంచుతారా? పాపం కాదా?” అని ముసలమ్మలు అడుగుతారు. అడగవలసిన మాటే. మొక్క కొనలో ఒక మొగ్గ ఉంటుంది. అది ఉన్నంతకాలం కింది మొగ్గలను లేవనీయదు. అందుకే మొక్క ఒంటికట్టెగా పైకి పోతుంది. కొన తుంచితే కింది మొగ్గలు లేస్తాయి. ఒక్క కొమ్మ ఉన్న చోట నాలుగు వస్తాయి. కొమ్మ కొమ్మకూ కాయ.

మునగ మొక్క రెండున్నర అడుగులు కాగానే కొన తుంచాలి. పక్క కొమ్మలు జానెడు పెరిగాక వాటి కొనలూ తుంచాలి. పి.కె.ఎం-1 అని ఒక మునగ రకం ఉంది. తమిళనాడులోని పెరియకుళంలో తయారైంది. కాపు అయిపోయాక దీన్ని నేల నుంచి మూడు అడుగుల ఎత్తున కొట్టేస్తారు. మళ్ళీ ఇగురు పెట్టి, నాలుగైదు నెలలకు కాపుకు వస్తుంది.

కరివేపాకు కొన కూడా మూడు అడుగులకు తుంచాలి. పూత వస్తే గిల్లేయాలి. మనకు కావలసింది ఆకే గదా! జామ కొత్త ఇగురుకే పూస్తుంది. మొదట్లో నాలుగు దిక్కులకు నాలుగు కొమ్మలు ఉంచి, రెండడుగుల కింద వచ్చేవి తీసేయాలి. అంటు మామిడి అయితే అంటు కింద లేచే ఇగురును ఉంచనే వద్దు. అది అంటు మొక్కది కాదు, కింది నాటు మొక్కది.

ఎట్లా కోస్తామన్నదే ముఖ్యం. బతుకమ్మకు తంగేడు పువ్వు తెచ్చేటప్పుడు చూడండి. చేత్తో గుంజితే తోలు కిందిదాకా ఊడివస్తుంది. కత్తితో కోస్తే ఊడదు. ఏ చెట్టుకైనా అంతే. కత్తి పదునుగా ఉండాలి. మొగ్గకు కొంచెం పైన, ఏటవాలుగా కోయాలి. అప్పుడు వాన నీళ్ళు నిలవవు. లావు కొమ్మ అయితే ముందు కింది వైపు గాటు పెట్టి, తర్వాత పైనుంచి కోయాలి. జోరు వానల్లో కోయొద్దు. గాయం కుళ్ళుతుంది.

పెద్ద గాయానికి బోర్డో పేస్టు పూయాలి. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్ళలో, 100 గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో కరిగించి కలపాలి. ప్లాస్టిక్ బకెట్టు గానీ మట్టి కుండ గానీ వాడాలి. ఇనుప గిన్నె పనికిరాదు. మైలుతుత్తం విషం. పిల్లలకు అందనీయొద్దు. వంట గిన్నెలు వాడొద్దు.

మల్లెకు పని కార్తీకం వెళ్ళాక. కొన్నాళ్ళు నీళ్ళు ఆపాలి. తర్వాత పొదను నేల నుంచి అడుగున్నర ఎత్తుకు కత్తిరించాలి. ఎరువు వేసి నీళ్ళు పెడితే ఎండకాలం మొదట్లోనే మొగ్గ తొడుగుతుంది.

కొట్టిన మునగ ఆకును పారేయొద్దు. పప్పులో వేయండి. అందులో ఇనుము ఉంటుంది. మణికట్టు లావున్న కొమ్మలను మూడడుగుల ముక్కలు చేసి పక్కింటి వాళ్ళకు ఇవ్వండి. నాటితే బతుకుతాయి.