రిటైరయ్యే నాటికి చేతిలో ఉండవలసిన కార్డులు



ఐగుప్తులో యోసేపు ఏడు సమృద్ధి సంవత్సరాల్లో ధాన్యం కూడబెట్టించిన సంగతి మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. కరువు వచ్చాక కొట్లు కట్టడం మొదలుపెడితే ఎవరి ప్రాణమూ నిలిచేది కాదు. ఆరోగ్య బీమా కూడా అంతే, ఒంట్లో బాగున్నప్పుడు చేసుకోవలసిన పని. కానీ మేము తరచుగా చూసేది వేరు. పెద్దాయనను గుండెనొప్పితో తీసుకొస్తారు. లోపల ఆయనకు సెలైన్ ఎక్కుతుంటే, బయట కొడుకు ఫోన్లో "అమ్మా, నాయన ఆధార్ కార్డు యాడ పెట్టినవు? రేషను కార్డుల పేరుందా లేదా?" అని అడుగుతుంటాడు. పొలం మీద అప్పు పుట్టేది, పుస్తెలతాడు తాకట్టుకు పోయేది ఆ గంటలోనే. అందుకే ఈ పాఠం. దీన్ని 55 ఏళ్లు దాటినవారు, వారి పిల్లలు కలిసి చదవాలని నా మనవి.

1. చివరి పనిదినంతో ఏమి ఆగిపోతుంది?

కంపెనీ, స్కూలు, మిల్లు వంటి చోట్ల పనిచేసేవారికి యాజమాన్యం గ్రూపు పాలసీ కట్టి ఉండవచ్చు. ఉద్యోగం ముగిస్తే సాధారణంగా ఆ రక్షణ కూడా ముగుస్తుంది. జీతం ఆగేది, బీమా ఆగేది, జబ్బులు మొదలయ్యేది దాదాపు ఒకే కాలంలో. కాబట్టి రిటైర్మెంటుకు కనీసం మూడు నెలల ముందే ఆఫీసులో ఈ రెండు విషయాలు అడగండి.

మొదటిది, గ్రూపు పాలసీ నుంచి అదే కంపెనీ వారి సొంత పాలసీకి మారే వీలుంటుంది. అలా మారితే, గ్రూపులో మీరు గడిపిన కాలాన్ని పాత జబ్బుల వెయిటింగ్ పీరియడ్‌లో లెక్క వేస్తారు. ఉద్యోగం వదిలి, మధ్యలో ఖాళీ వదిలేసి, తర్వాత కొత్తగా కొంటే ఆ లాభం పోతుంది.

రెండవది, ఈఎస్ఐ ఉన్నవారి సంగతి. కనీసం 5 సంవత్సరాలు ఈఎస్ఐ కింద పనిచేసి, వయసు నిండి రిటైరైనవారు ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ ఈఎస్ఐ వైద్యం కొనసాగుతుంది. నెలకు 10 రూపాయలు! తెలియక ఎందరో దీన్ని వదులుకుంటున్నారు. యాజమాన్యం నుంచి సర్వీసు ధృవీకరణ పత్రం తీసుకొని ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో అడగండి.

ప్రభుత్వ పింఛనుదారులకు వేరే ఏర్పాట్లున్నాయి. కేంద్ర ప్రభుత్వం వారికి సీజీహెచ్ఎస్, మాజీ సైనికులకు ఈసీహెచ్ఎస్, రాష్ట్ర ఉద్యోగులకు వారి స్వంత ఆరోగ్య పథకం ఉన్నాయి. పింఛను కాగితాలతో పాటే వీటి కాగితాలు కూడా పూర్తి చేయించుకోండి.

2. మొదటి ఆధారం ఆరోగ్యశ్రీ

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. అదే సంవత్సరం డిసెంబరులో మన నల్లగొండ జిల్లాకు వచ్చింది. అప్పట్లో కుటుంబానికి ఏడాదికి 2 లక్షల రూపాయల వరకు ఉండేది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆ పరిమితి 10 లక్షలు. ఆహార భద్రత కార్డు, అంటే మనం తెల్ల కార్డు అని పిలిచే రేషను కార్డు ఉన్న కుటుంబాలకు ఇది వర్తిస్తుంది. ప్రీమియం లేదు. పాత జబ్బు అని తోసిపుచ్చడం లేదు.

అయితే మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. ఈ పథకం జాబితాలో ఉన్న చికిత్సలకే, పథకంలో చేరిన ఆసుపత్రుల్లోనే పనిచేస్తుంది. రోజూ వేసుకునే షుగర్, బీపీ మాత్రలకు ఇది డబ్బు ఇవ్వదు. వాటిని ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు, అక్కడ పేరు రాయించుకోండి. మూడవది, పథకంలో చేరిన ప్రతి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర ఉంటారు. బిల్లు కట్టే కిటికీ దగ్గరికి పోకముందే ఆ ఆరోగ్యమిత్రను కలవండి. వివరాలకు 104కు ఫోన్ చేయవచ్చు.

3. 70 ఏళ్లు నిండినవారికి వేరే కార్డు

2024 అక్టోబరు 29న కేంద్ర ప్రభుత్వం ఆయుష్మాన్ వయ వందన కార్డును ప్రారంభించింది. 70 ఏళ్లు, ఆ పైబడినవారికి ఆదాయంతో పని లేదు. రేషను కార్డు లేకున్నా, సొంత ఇల్లున్నా, కొడుకులు ఉద్యోగస్థులైనా సరే అర్హులే. ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సకు ఇది వర్తిస్తుంది. ఒక కుటుంబంలో 70 దాటినవారు ఇద్దరుంటే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపి. కొడుకులు, కోడళ్లు అందులో పంచుకోరు. పాత జబ్బులకు మొదటి రోజు నుంచే పనికొస్తుంది.

ప్రైవేటు పాలసీ గాని, ఈఎస్ఐ గాని ఉన్నవారు కూడా ఈ కార్డు తీసుకోవచ్చు. సీజీహెచ్ఎస్, ఈసీహెచ్ఎస్ వంటివి ఉన్నవారు మాత్రం అదో ఇదో ఒకటే ఎంచుకోవాలి. ఆ ఎంపిక ఒక్కసారే కనుక ఇంట్లో ఆలోచించుకొని నిర్ణయించండి.

కార్డుకు కావలసింది ఆధార్ ఒక్కటే. ఆయుష్మాన్ యాప్‌లో ఇంట్లోని చదువుకున్న పిల్లలు చేసిపెట్టవచ్చు. లేదా పథకంలో చేరిన ఆసుపత్రిలో అడగవచ్చు. ఉచిత సమాచారానికి నంబరు 14555. చికిత్సకు వెళ్లే ముందు, ఆ ఆసుపత్రిలో ఆ జబ్బుకు ఏ కార్డు చెల్లుతుందో ఆరోగ్యమిత్రను తప్పక అడగండి.

4. పేరు, వయసు, వేలిముద్ర

కార్డు రాకపోవడానికి కారణం చాలాసార్లు అర్హత లేకపోవడం కాదు, కాగితాలు కలవకపోవడం. మన సంఘాల్లో ఇది మరీ ఎక్కువ. బాప్తిస్మపు రిజిస్టరులో మరియమ్మ, ఆధార్‌లో యాదమ్మ, రేషను కార్డులో ఇంకొక పేరు ఉంటుంది. అన్ని కార్డుల్లో ఒకే పేరు, ఒకే స్పెల్లింగు ఉండేలా ఇప్పుడే సరిచేయించుకోండి.

వయసు సంగతి ఇంకా ముఖ్యం. పుట్టిన తేదీ తెలియని పెద్దలకు అప్పట్లో అంచనాగా ఏదో ఒక సంవత్సరం రాశారు. మనిషికి 73 ఉంటాయి, ఆధార్‌లో 66 ఉంటాయి. వయ వందన కార్డుకు ఆధార్‌లోని వయసే లెక్క. ఆధార్‌లో పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చనిస్తారు. కాబట్టి స్కూలు సర్టిఫికెట్టు, సర్వీసు రిజిస్టరు వంటి సరైన ఆధారం చేతిలో పెట్టుకొనే వెళ్లండి. పనికిరాని కాగితంతో ఆ ఒక్క అవకాశం పోగొట్టుకోవద్దు.

నాట్లు వేసి, కలుపు తీసి అరిగిపోయిన వేళ్లకు వేలిముద్ర పడదు. భయపడి తిరిగి రావద్దు. ఆధార్‌కు కలిపిన ఫోనుకు వచ్చే ఓటీపీతో గాని, కంటి పాపతో గాని, ముఖం ఫోటోతో గాని చేయమని అడగండి. అందుకే ఆధార్‌కు మీ ఇంట్లో వాడకంలో ఉన్న నంబరు కలిపి ఉండాలి.

కొడుకులు వేరుపడి కొత్త రేషను కార్డులు తీసుకున్నప్పుడు తల్లిదండ్రుల పేర్లు ఏ కార్డులో ఉన్నాయో కూడా చూసుకోండి. ఎవరి కార్డులోనూ లేని ముసలి తల్లి ఏ ఇంట్లోనూ ఉండకూడదు.

5. పైన ఇంకొక పాలసీ అవసరమా?

తెల్ల కార్డు లేనివారికి, 70 నిండడానికి ఇంకా పదేళ్లున్నవారికి మధ్యలో ఒక ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీకే సొంత పాలసీ. కట్టగలిగినవారు ఈ లెక్క చూడండి. ముందే ఉన్న జబ్బులకు కంపెనీలు 3 సంవత్సరాల వరకు వెయిటింగ్ పెట్టవచ్చు. 60లో కొంటే షుగర్, గుండె జబ్బుల రక్షణ 63లో మొదలు కావచ్చు. 57లోనే కొంటే, రిటైరయ్యే 60 నాటికి ఆ కాలం గడిచిపోయి ఉంటుంది. ఉద్యోగంలో ఉండగా రెండో పాలసీ ఎందుకు, డబ్బు దండగ అనుకుంటారు. ఆ మూడేళ్లు కొనుక్కోవడానికే అది.

65 దాటితే కొత్త పాలసీ ఇవ్వరన్న మాట పాతది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆ వయసు నిబంధన తొలగింది. 60 దాటినవారికి ఏడాదికి 10 శాతానికి మించి ప్రీమియం పెంచాలంటే కంపెనీ ముందుగా బీమా నియంత్రణ సంస్థతో సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది. సొంత ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద ఉన్న 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు.

సంతకం పెట్టే ముందు ఏజెంటును అడగవలసిన ప్రశ్నలు:
- పాత జబ్బులకు ఎన్నాళ్లు ఆగాలి? శుక్లాలు, హెర్నియా, మోకాలి ఆపరేషన్లకు ఎన్నాళ్లు?
- బిల్లులో నా వాటా ఎంత శాతం?
- గది అద్దె పరిమితి ఎంత? పరిమితి 3,000 అయి మీరు 6,000 గదిలో చేరితే, అద్దె ఒక్కటే కాక డాక్టరు ఫీజు, ఆపరేషను ఖర్చు వంటివి కూడా సగానికి కోత పడవచ్చు.
- టాప్ అప్ పాలసీ అయితే, ఎన్ని లక్షలు దాటాక మొదలవుతుంది?

పాలసీ చేతికి వచ్చాక 30 రోజుల లోపు నచ్చకుంటే తిరిగి ఇవ్వవచ్చు. ప్రీమియం కట్టడానికి మిత్తికి డబ్బు తేవద్దు. కట్టలేనివారు ప్రభుత్వ కార్డులు రెండూ సరిగా ఉంచుకుంటే అదే మంచి రక్షణ.

6. ఫారంలో నిజం రాయండి

కొందరు ఏజెంట్లు "షుగర్ ఉందని రాయకండి, పాలసీ రాదు" అంటారు. ఆ మాట వినవద్దు. ఆసుపత్రిలో చేరగానే నర్సు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి "షుగర్, బీపీ ఎన్నాళ్ల నుంచి ఉన్నాయి?" అన్నది. మీరు "పదేళ్ల నుంచి" అంటారు. అది కేసు షీటులో పడుతుంది, ఆ షీటు కంపెనీకి పోతుంది. దాచినట్టు తేలితే క్లెయిము తోసేస్తారు, పాలసీ కూడా రద్దు కావచ్చు. నిజం రాసి మూడేళ్లు ఆగినవారికి ఆ భయం లేదు. చికిత్స సమయంలో బీమా కోసం జబ్బు దాచమని నర్సులను గాని, డాక్టర్లను గాని అడగవద్దు. తప్పు వివరం వల్ల మందు కూడా తప్పవచ్చు.

7. అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లేవారు మన సంఘాల్లో ఉన్నారు. ఇక్కడి ప్రభుత్వ కార్డులు అక్కడ చెల్లవు. ప్రయాణ బీమా తీసుకొనే విమానం ఎక్కండి. అక్కడ 65 ఏళ్లకు మెడికేర్ అనే ప్రభుత్వ బీమా ఉంది, కానీ కొత్తగా గ్రీన్ కార్డు వచ్చిన తల్లిదండ్రులు వరుసగా 5 సంవత్సరాలు అక్కడ నివసించాకే దానిని కొనుక్కోగలరు. 65 నిండే నెలకు మూడు నెలల ముందు నుంచి మూడు నెలల తర్వాత వరకు చేరవచ్చు. కారణం లేకుండా ఆలస్యం చేసినవారు డాక్టరు ఖర్చుల భాగానికి ఆలస్యమైన ప్రతి పూర్తి ఏడాదికీ 10 శాతం చొప్పున ఎక్కువ కడుతూనే ఉండాలి. ఏ దేశంలోనైనా ఈ తలుపు తెరిచి ఉండగానే లోపలికి రావాలి.

ఇంట్లో మాట్లాడుకోవలసిన ప్రశ్నలు

1. మన ఇంటి పెద్దల పేరు, పుట్టిన సంవత్సరం అన్ని కార్డుల్లో ఒకటేనా?
2. వారి పేరు ఏ రేషను కార్డులో ఉంది?
3. 70 దాటినవారికి వయ వందన కార్డు చేయించామా?
4. రాత్రి 2 గంటలకు 108 పిలవవలసి వస్తే, కార్డులు ఎక్కడున్నాయో ఇంట్లో అందరికీ తెలుసా?

నాలుగో ప్రశ్నకు జవాబుగా ఈ ఆదివారం ఆరాధన ముగిసి ఇంటికి వెళ్లాక ఒక పని చేయండి. ఆధార్, రేషను కార్డు, ఆరోగ్య కార్డులు, పాలసీ కాగితం, పాత మందుల చీటీలు అన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, బైబిలు పెట్టే అలమరలోనే ఉంచండి. ఆ చోటు ఇంటిల్లిపాదికీ తెలుసు.

మీ ఇంటి పెద్దలకు ప్రభువు ఆరోగ్యమును, దీర్ఘాయుష్షును దయచేయును గాక.

నర్సింగ్ సూపరింటెండెంట్