మాంసం తగ్గించాలనుకునే ఇంటికి ఎనిమిది చిట్కాలు

2014లో కేంద్ర ప్రభుత్వం చేయించిన సర్వేలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో పదిహేనేళ్లు దాటినవారిలో నూటికి 98 మంది మాంసాహారులేనని తేలింది. అలాంటి చోట ‘మానేయండి’ అంటే వినేవారుండరు. తగ్గించడం మాత్రం ఏ ఇంట్లోనైనా అయ్యే పనే. మన కూర కోసం పోయే ప్రాణాల గురించి కాస్తో కూస్తో ఆలోచన మొదలైనవారికి ఇవి పనికొస్తాయి.

1. కిలో తెచ్చేచోట అరకిలో తెచ్చి, తోడుగా ఇంకోటి వేయండి. ఇది మనకు కొత్తేం కాదు. గోంగూర మాంసం, దోసకాయ మాంసం, చింతచిగురు మాంసం, వంకాయ ఎండు రొయ్యలు అన్నీ ఆ దారివే. హైదరాబాద్ దాల్చాలోనైతే పెత్తనమంతా శనగపప్పు, సొరకాయలదే. పావుకిలో ఎముకల మటన్‌తో నలుగురికి సరిపోతుంది. మటన్‌ను అల్లంవెల్లుల్లి ముద్ద, పసుపు, కారం, ఉప్పు వేసి కుక్కర్లో మెత్తగా ఉడికించాలి. విడిగా ఉడికించిన శనగపప్పును మెదిపి అందులో కలిపి, సొరకాయ ముక్కలు వేయాలి. చింతపండు పులుసు ముక్క ఉడికాకే పోయండి, ముందే పోస్తే బిరుసెక్కుతుంది. చివర్లో ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు. ముక్కలు తక్కువయ్యాయని ఎవరూ అడగరు.

2. మటన్ మానేసి చికెన్‌కు మారితే తగ్గించినట్టు కాదు. ఒక మేకను కోస్తే పది కిలోల దాకా మాంసం వస్తుంది. అంత మాంసానికి ఏడెనిమిది బ్రాయిలర్ కోళ్లు కావాలి. పైగా ఆ కోడి ఆరు వారాల్లోనే రెండు కిలోలు దాటేస్తుంది, కొన్నింటికి ఆ బరువు మోయలేక కాళ్లు వంకర్లు పోతాయి. వాతావరణానికి చేటు చూస్తే మేక, గొర్రెలదే ఎక్కువన్నది నిజమే. ప్రాణాల లెక్కలో మాత్రం అది తిరగబడుతుంది. కాబట్టి రెండూ తగ్గాల్సిందే.

3. గుడ్డు ఎక్కడిదో అడిగి కొనండి. మన బజారుకు వచ్చే గుడ్లలో ఎక్కువభాగం తీగల పంజరాల్లోని కోళ్లు పెట్టినవే. అక్కడ ఒక్కో కోడికి దక్కే చోటు ఏ4 కాగితమంత కూడా ఉండదు. పెరటి కోళ్ల గుడ్లు దొరికితే అవే తెచ్చుకోండి. ధర ఎక్కువ కాబట్టి వాడకం దానంతటదే తగ్గుతుంది. గోధుమరంగు గుడ్డల్లా నాటుగుడ్డు కాదు, రంగు జాతిని బట్టి వస్తుంది.

4. ‘మాంసం లేకపోతే బలమెక్కడిది?’ అని పెద్దవాళ్లు అడుగుతారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కేలరీలు తినేవారికి పప్పులు, గుడ్లు, మాంసం అన్నీ కలిపి 85 గ్రాములు చాలు. మీల్‌మేకర్‌లో సగం బరువు ప్రొటీనే. వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, మళ్లీ కడిగితే పచ్చివాసన పోతుంది.

5. కోత ఎవరి కంచంలో పడుతోందో చూసుకోండి. చాలా ఇళ్లలో వండినావిడకు చివరికి మిగిలేది పులుసే. ముక్కలు తగ్గిస్తే ముందు పోయేదీ ఆవిడ వంతే. రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. తగ్గించిన రోజున ఆవిడకే ముందు వడ్డించండి. గర్భిణుల గుడ్డు, అంగన్‌వాడీ పిల్లల గుడ్డు జోలికి అసలు వెళ్లొద్దు.

6. పక్కింటి కంచంలోకి తొంగిచూడొద్దు. ‘శాకాహారులకు మాత్రమే’ అని టులెట్ బోర్డు పెట్టడం జీవకారుణ్యం కాదు, చాలాసార్లు అది కులమే. కూలి డబ్బులతో ఆదివారం పావుకిలో తెచ్చుకునే ఇంటికి ఎవరూ సుద్దులు చెప్పనక్కర్లేదు. తగ్గించాల్సింది వారానికి నాలుగైదు రోజులు తినేవాళ్లు, బిర్యానీ ఆర్డర్లు పెట్టేవాళ్లు.

7. కార్తీకమాసమంతా నిష్ఠగా మానేసి, పోలిపాడ్యమి దాటగానే నెల బాకీ వడ్డీతో సహా తీర్చుకునేవారు ప్రతి వీధిలో ఉంటారు. దానికన్నా ఏడాది పొడవునా వారంలో రెండు రోజులు తగ్గించడం మేలు. సోమవారమో, శనివారమో ఎటూ మానే అలవాటుంటే దానికి ఇంకో రోజు చేర్చండి, కష్టం తెలియదు.

8. ఫంక్షన్లలో చికెన్, మటన్, చేప, రొయ్య నాలుగూ పెట్టడం ఇప్పుడు గొప్పయిపోయింది. కొరికి వదిలేసిన ముక్కలు విస్తరాకులతోపాటే చెత్తబండి ఎక్కుతాయి. అసలు ఎవరి కడుపూ నింపకుండా పోయిన ప్రాణాలవి. మీ ఇంటి శుభకార్యానికి వంటమాస్టారు మెనూ రాస్తున్నప్పుడు పక్కనే కూర్చుని అందులో రెండు కొట్టేయించండి.