కంప్యూటరులోని పంకాలు

పనిచేయు ప్రతి యంత్రమును వేడెక్కును. ఇది ప్రకృతి నియమము. చాల దూరము పయనించి నిలిచిన బస్సు ఇంజనుపై చేయి పెట్టలేము. పొలములో రేయింబవళ్లు నడచిన నీటి మోటారును తాకినచో చుఱుక్కుమనును. చప్పుడు చేయక బల్లమీద కూర్చుండు కంప్యూటరు సైతము ఈ నియమమునకు లోబడినదే. అది లెక్కలు కట్టినను, బొమ్మలు చూపినను, పాటలు వినిపించినను, తాను గ్రహించిన విద్యుచ్ఛక్తి దాదాపు అంతయు కట్టకడకు వేడిమిగా మారిపోవును. ఆ వేడిమిని ఎప్పటికప్పుడు వెలుపలికి పంపనిచో యంత్రము నిలువదు. ఆ పనిని నెరవేర్చునవి చిన్న పంకాలు. అవి ఎట్లు పనిచేయునో, వానిని యంత్రములో ఎట్లు అమర్చవలెనో ఈ పాఠమున తెలిసికొందము.

కంప్యూటరునకును వేడిమికిని గల వైరము నేటిది కాదు. 1946వ సంవత్సరమున అమెరికా దేశములోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున 'ఎనియాక్' అను గణనయంత్రము లోకమునకు ప్రదర్శింపబడెను. అందు సుమారు 18,000 శూన్యనాళికలు ఉండెను. దాని బరువు దాదాపు 30 టన్నులు. అది సుమారు 150 కిలోవాట్ల విద్యుత్తును వినియోగించెడిది. పెద్ద గదినంతయు ఆక్రమించిన ఆ యంత్రమునుండి వేడిగాలిని తొలగించుటకై బలమైన పంకాలను ప్రత్యేకముగా నెలకొల్పవలసి వచ్చెను. పిమ్మట ట్రాన్సిస్టరు వచ్చి శూన్యనాళికల స్థానమును ఆక్రమించెను. 1971లో ఇంటెల్ సంస్థ 4004 అను ప్రాసెసరును వెలువరించినది. ఒక్క సిలికాను ముక్కమీద 2,300 ట్రాన్సిస్టర్లు అమరిన ఆ చిన్న పరికరమునకు పంకాతో అవసరమే లేకపోయెను. వేడిమి పీడ వదలినదని తోచిన కాలమది.

కాని ఆ నెమ్మది చిరకాలము నిలువలేదు. ట్రాన్సిస్టర్ల సంఖ్య వేలనుండి లక్షలకు, లక్షలనుండి కోట్లకు, నేడు వందల కోట్లకు పెరిగినది. 1993లో పెంటియమ్ ప్రాసెసరు వెలువడిన నాటికి ప్రాసెసరు నెత్తిన ఒక పంకాను అమర్చుట పరిపాటి కాజొచ్చెను. నేటి బల్లమీది కంప్యూటర్లలోని ప్రాసెసర్లు పెక్కు 65 వాట్లు మొదలు 125 వాట్ల వరకు, కొన్ని అంతకు మించియు, శక్తిని వినియోగించును. నూరు వాట్ల పాతకాలపు విద్యుద్దీపమును తాకిన చేయి కాలును. అంత వేడిమి తపాలా బిళ్లకు మించని సిలికాను ముక్కయందు పుట్టుచున్నదనిన, దానిని చల్లబరచుట ఎంత ముఖ్యమో ఊహింపవచ్చును.

వేడి అన్నము త్వరగా చల్లారవలెనన్నచో మన తల్లులు ఏమి చేయుదురు? పళ్లెములో పలుచగా పరచి విసనకఱ్ఱతో విసరుదురు. కంప్యూటరులో జరుగునదియు ఇదియే. ప్రాసెసరుపై హీట్‌సింకు అను లోహపు దిమ్మె ఉండును. ఈ రెండింటి నడుమ కంటికి కనబడని సందులను పూడ్చుటకు ఒక లేపనమును పూయుదురు. వేడిమి లేపనముగుండ లోహములోనికి ప్రాకును. రాగియు, అల్యూమినియమును వేడిమిని చక్కగా ప్రసరింపజేయు లోహములు గనుక హీట్‌సింకును వానితో చేయుదురు. దాని పైభాగమున పలుచని రేకులు వరుసగా ఉండును. అన్నమును పరచుటవలె, ఈ రేకులు వేడిమిని విశాలమైన తలముపై పరచును. పంకా విసరిన గాలి ఆ రేకుల నడుమ దూరి వేడిమిని కొనిపోవును. పెట్టె గోడలకు బిగించిన ఇతర పంకాలు వెలుపలి చల్లని గాలిని లోనికి తెచ్చి, లోపలి వేడి గాలిని బయటికి త్రోయును.

పంకా నిలిచిపోయినచో ఏమగును? నేటి ప్రాసెసర్లు తమ వేడిమిని తామే కొలుచుకొనును. ఉష్ణోగ్రత నూరు డిగ్రీల సెల్సియసు సమీపమునకు వచ్చినప్పుడు పెక్కు ప్రాసెసర్లు ఆత్మరక్షణకై తమ వేగమును తగ్గించుకొనును. అప్పటికిని తగ్గనిచో యంత్రమే ఆగిపోవును. సగము వ్రాసిన వ్యాసము, లెక్కించిన పద్దులు భద్రపరచుకొనకముందే మాయమగును. యంత్రము ముసలిదైనదని కొందరు, చెడినదని కొందరు తలంచి వేల రూపాయలు వెచ్చింతురు. తీరా చూచిన, ఒక పంకా తీగ ఊడియుండుటయే కారణము కావచ్చును. కావున ఈ చిన్న విషయమును ఎఱిగియుండుట ఎంతయు లాభకరము.

కంప్యూటరు పెట్టెను తెరచినచో అన్ని భాగములను కలుపు ఒక పెద్ద పలక కనబడును. దానిని మదర్‌బోర్డు అందురు. దాని అంచులయందు అక్కడక్కడ సన్నని సూదుల వరుసలు నిలిచియుండును. పంకా తీగలను తగిలించు ఈ చోట్లకు హెడర్లని పేరు. ప్రాసెసరు చెంతనున్నదానికి 'సీపీయూ ఫ్యాన్' అనియు, తక్కినవానికి 'ఛాసిస్ ఫ్యాన్' లేక 'సిస్ ఫ్యాన్' అనియు పలకపైననే ముద్రింపబడియుండును. కొన్ని హెడర్లలో మూడు సూదులును, కొన్నింటిలో నాలుగు సూదులును ఉండును.

ఈ నాలుగు సూదుల పనులను ఎడ్లబండి ఉపమానముచే సులభముగా గ్రహింపవచ్చును. ఎద్దునకు మేత వలయును. దాని మెడలో గంట ఉండును. దానిని అదుపు చేయుటకు పగ్గము కలదు. మొదటి రెండు సూదులును మేత వంటివి. మొదటిది విద్యుత్తు తిరిగిపోవు మార్గము. రెండవది 12 వోల్టుల విద్యుత్తును అందించునది. మూడవ సూది గంట వంటిది. బండిలో కునుకుచున్న రైతు గంట చప్పుడును బట్టి ఎద్దు నడచుచున్నదో, నిలిచినదో తెలిసికొనునట్లు, మదర్‌బోర్డు ఈ సూది ద్వారా పంకా వేగమును తెలిసికొనును. సాధారణముగా పంకా ఒకమారు తిరిగినప్పుడు రెండు సంకేతములు వెలువడును. నిమిషమునకు 1,200 మారులు తిరుగు పంకా సెకనుకు 20 మారులు తిరుగును గదా! కావున అది సెకనుకు 40 సంకేతములను పంపును. నాలుగవ సూది పగ్గము వంటిది. దాని ద్వారా మదర్‌బోర్డు సెకనుకు సుమారు 25,000 మారులు మినుకుమను ఆజ్ఞాసంకేతమును పంపును. ప్రతి మినుకులోను సంకేతము నిలిచియున్న కాలము హెచ్చినచో పంకా వడిగా తిరుగును. తగ్గినచో మెల్లగా తిరుగును.

మూడు సూదుల పంకాకు పగ్గము లేదు. దాని వేగమును తగ్గింపవలెనన్నచో మేతనే తగ్గింపవలెను; అనగా 12 వోల్టులకు బదులు తక్కువ వోల్టుల విద్యుత్తును ఈయవలెను. మూడు రంధ్రముల కనెక్టరును నాలుగు సూదుల హెడరునకును, నాలుగు రంధ్రముల దానిని మూడు సూదుల హెడరునకును తగిలింపవచ్చును. రెండు విధములను పంకా తిరుగును. అయితే అదుపు కుదరనప్పుడు అది ఎల్లవేళల పూర్తి వేగముతోనే తిరుగుచు రొద చేయవచ్చును.

ఇక అమర్చు విధానము. ముందుగా కంప్యూటరును ఆపి, గోడనున్న స్విచ్చిని ఆర్పి, ప్లగ్గును ఊడదీయవలెను. ఇది మరువరాని మొదటి సూత్రము. పెద్దల సమక్షముననే పెట్టెను తెరువవలెను. తెరచిన వెంటనే పెట్టె యొక్క రంగు పూయని లోహభాగమును తాకవలెను. మన దేహముపై పోగుపడిన స్థిరవిద్యుత్తు దానిచే తొలగిపోవును. లేనిచో అది సున్నితమైన భాగములకు హాని చేయవచ్చును. పవర్ సప్లయి పెట్టెను మాత్రము ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత గూడ దానియందు ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండును.

పిమ్మట పంకా గాలిని ఏ దిక్కునకు విసరునో చూడవలెను. రెక్కలు తేటగా కనబడు ప్రక్కనుండి గాలి లోనికి వచ్చి, నడిమి మోటారును పట్టియుంచు అడ్డకమ్ములున్న ప్రక్కనుండి వెలుపలికి పోవును. కొన్ని పంకాల చట్రములపై బాణపు గుర్తులుండును. పెట్టె ముందువైపు పంకాలు గాలిని లోనికి తేవలెను. వెనుకవైపున, పైభాగమున ఉన్నవి బయటికి పంపవలెను. వేడిగాలి తేలికయై పైకి పోవును గనుక ఈ యేర్పాటు ప్రకృతికి అనుకూలము. అన్ని పంకాలును ఒకదానికొకటి ఎదురుగా విసరినచో, ఎదురెదురుగా లాగు ఎడ్లవలె శ్రమయే గాని ఫలముండదు.

పంకాను మరలతో బిగించిన తరువాత దాని కనెక్టరును హెడరునకు తగిలింపవలెను. కనెక్టరుపై రెండు సన్నని గట్లును, హెడరు వెనుక ఒక నిలువు రేకును ఉండును. ఆ రేకు గట్ల నడుమ ఇమిడినప్పుడే కనెక్టరు సరిగా దిగును. తీగల రంగులను నమ్మరాదు. ఒక్కొక్క తయారీదారు ఒక్కొక్క రంగును వాడుదురు. కొందరు అన్ని తీగలను నల్లగనే చేయుదురు. బలవంతముగా త్రోసినచో సూదులు వంగును. ప్రాసెసరు పంకాను తప్పక 'సీపీయూ ఫ్యాన్' హెడరునకే కలుపవలెను. యంత్రము మేల్కొనునప్పుడు ఆ చోట గంట వినబడనిచో మదర్‌బోర్డు హెచ్చరిక చేయును. తీగలు రెక్కలకు తగులకుండ ప్రక్కకు తీసి కట్టవలెను. రంగురంగుల దీపములు గల పంకాలకు మరియొక తీగ ఉండును. అందు 5 వోల్టుల రకమును 12 వోల్టుల చోట కలిపినచో దీపములు మాడిపోవును.

ఒకే హెడరునకు చీలిక తీగతో పెక్కు పంకాలను కలుపవచ్చునా? కలుపవచ్చును గాని హద్దు కలదు. సామాన్యముగా ఒక్కొక్క హెడరు ఒక ఆంపియరు విద్యుత్తును మాత్రమే భరింపగలదు. పంకా ఒక్కొక్కటి 0.2 ఆంపియరు గ్రహించునవైనచో నాలుగింటికి 0.8 ఆంపియరు చాలును. ఆరింటిని కలిపినచో 1.2 ఆంపియర్లగును, మదర్‌బోర్డునకే చేటు కలుగును. పంకా వెనుక అతికిన చీటిపై ఈ అంకె ఉండును. దానిని చదివి కూడుట తెలిసిన విద్యార్థి ఈ ప్రమాదమును తప్పింపగలడు.

తుదకు యంత్రమును నడిపి 'బయోస్' అను తెరలో పంకాల వేగమును చూచుకొనవలెను. ఉష్ణోగ్రత పెరిగినకొలది వేగము పెరుగునట్లు అక్కడనే నిర్ణయింపవచ్చును.

పంకా చల్లదనమును సృష్టింపదని మాత్రము గుర్తుంచుకొనవలెను. అది వేడిమిని ఒకచోటినుండి మరియొకచోటికి చేరవేయును, అంతే. గదిలోని గాలికంటె ప్రాసెసరును చల్లగా చేయుట దానికి సాధ్యము కాదు. వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరు రెంటచింతల, రామగుండము వంటి ప్రదేశములలో కంప్యూటరును గోడమూలకు నొక్కిపెట్టక, చుట్టును గాలి ఆడునట్లు ఉంచుట మిక్కిలి అవసరము. దుమ్ము రేకుల నడుమ చేరి కంబళివలె కప్పును. అప్పుడప్పుడు ప్లగ్గు తీసి, రెక్కలు తిరుగకుండ వ్రేలితో పట్టుకొని, మెత్తని కుంచెతో దుమ్మును తొలగింపవలెను.

లక్షల లెక్కలను క్షణములో కట్టు ప్రాసెసరును అందరును మెచ్చుకొందురు. దాని నెత్తిన రేయింబవళ్లు తిరుగు పంకాను తలంచువారు అరుదు. అయినను ఆ స్వల్పమైన పరికరము నిలిచిన నాడు గొప్ప యంత్రమును నిలిచిపోవును. ఇంటిలోగాని, బడిలోగాని, దేశములోగాని పెద్ద పనులు సాగుటకు వెనుక నిలిచి శ్రమించు చిన్నవారే ఆధారమని ఈ పంకా మనకు చెప్పకయే చెప్పుచున్నది.

ప్రశ్నలు

1. ఎనియాక్ యంత్రమునకు పంకాలు ఏల అవసరమయ్యెను?
2. హీట్‌సింకునకును, పళ్లెములో పరచిన అన్నమునకును గల పోలికను వివరింపుము.
3. హెడరులోని నాలుగు సూదుల పనులను ఎడ్లబండి ఉపమానముతో తెల్పుము.
4. ఒక పంకా సెకనుకు 60 సంకేతములను పంపుచున్నది. అది నిమిషమునకు ఎన్ని మారులు తిరుగుచున్నది?
5. ఒక్కొక్కటి 0.3 ఆంపియరు గ్రహించు పంకాలను ఒక ఆంపియరు హెడరునకు ఎన్నింటిని కలుపవచ్చును?
6. పంకా గదిలోని గాలికంటె ప్రాసెసరును చల్లగా ఏల చేయజాలదు?