భావయిత్రీ ప్రతిభ: మదనపల్లె కవి జేమ్స్ కజిన్స్ మిత్రమండలి

కావ్యమీమాంస నాల్గవ అధ్యాయమున రాజశేఖరుడు ప్రతిభను కారయిత్రి యనియు, భావయిత్రి యనియు రెండు విధములుగ విభజించెను. మొదటిది కావ్యమును పుట్టించును. రెండవది దానిని గ్రహించి కవి శ్రమను సఫలము చేయును. కవుల చరిత్రలు వ్రాయువారు మొదటిదానిని మాత్రమే లెక్కించి రెండవదానిని విడుచుట పరిపాటి యైనది. కవి వ్రాసిన లేఖలు ఎట్లో అచ్చగును. అతనికి ఇతరులు వ్రాసినవి పెట్టెలలో చెదల పాలగును. ఇందువలన కలుగు నష్టమెట్టిదో తెలియుటకు 1956 ఫిబ్రవరి 20వ తేదీన మదనపల్లెలో కన్నుమూసిన ఐరిష్ కవి జేమ్స్ హెన్రీ కజిన్స్ జీవితము తగిన నిదర్శనము.

కజిన్స్ 1873లో బెల్ఫాస్టున జన్మించెను. డబ్లిన్ చేరి ఐరిష్ సాహిత్య పునరుజ్జీవనోద్యమమున పాల్గొనెను. యేట్స్, జార్జి రస్సెల్ మున్నగువారి గోష్ఠులలో మెలగెను. 1904 జూన్‌లో, నాటికింకను పేరులేని యువకుడు జేమ్స్ జాయిస్ కొలదికాలము కజిన్స్ దంపతుల యింట తలదాచుకొనెను. ఆ ఆతిథ్యమునకు ప్రతిఫలముగ ఎనిమిదేండ్ల తరువాత ఒక అధిక్షేప కావ్యమున కజిన్స్‌ను హేళన చేసెను. రాజశేఖరుడు చెప్పిన భావకులు నలుగురిలో అరోచకి యొకడు, మత్సరి యొకడు. జాయిస్‌ను ఏ వర్గమున చేర్చవలెనో పాఠకులే నిర్ణయింతురుగాక.

1915లో కజిన్స్ అనీబిసెంట్ పిలుపుపై మదరాసు వచ్చి న్యూ ఇండియా పత్రికలో పనిచేసెను. మరుసటి యేడు డబ్లిన్ తిరుగుబాటును మెచ్చుచు వ్రాసిన వ్యాసము మూలమున ఆ కొలువు పోయెను. పిమ్మట మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో అధ్యాపకుడయ్యెను. మదనపల్లె, పుంగనూరు, కుప్పము గల ఆ సీమ తెలుగు, కన్నడ, తమిళములు ఒకదానినొకటి ఒరసికొను చోటు. రాజధానులకు దూరమైన ఆ యూరినుండియే ఆయన కవిత్వ చర్చ దేశమంతట వ్యాపించెను.

వానిలో మిక్కిలి ముఖ్యమైనది పుదుచ్చేరితో నడచినది. కజిన్స్ ఆధునికాంగ్ల కవులపై వ్రాసిన విమర్శ వ్యాసములు 1917లో పుస్తకముగ వెలువడెను. దానిని సమీక్షింపబూనిన శ్రీ అరవిందులకు ఒక వ్యాసము చాలలేదు. ఆర్య పత్రికలో 1917 డిసెంబరున ఆరంభమైన ఆ రచన 1920 జూలై వరకు సాగి, భవిష్యత్కవిత్వమను మహాగ్రంథమయ్యెను. కవిత్వపు పరమావధి మంత్రమని ప్రతిపాదించిన ఆ గ్రంథము ఆలంకారికులు తప్పక చదువదగినది. వేదమున ఋషి మంత్రద్రష్ట యను మన మాటకు అది ఒక నూతన భాష్యము. 1918లో కజిన్స్ భారత పునరుజ్జీవనముపై మరియొక పుస్తకము వ్రాయగా, శ్రీ అరవిందులు అదే పేరున నాలుగు వ్యాసములు వ్రాసిరి. ఒకరి లేఖకు మరియొకరు బదులిచ్చినట్లే ఈ రచనలు నడచినవి, అయితే ఇవి అచ్చులో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరములు. శ్రీ అరవిందులు అన్నిటను కజిన్స్‌తో ఏకీభవింపలేదు. తత్త్వాభినివేశి యగు భావకుడు దొరకుట అరుదని రాజశేఖరుడు చెప్పెను. కజిన్స్‌కు అట్టివాడొకడు దొరకెను.

1919 ఫిబ్రవరిలో దక్షిణదేశ యాత్రలోనున్న రవీంద్రులు కజిన్స్ ఆహ్వానముపై మదనపల్లెకు వచ్చిరి. అచ్చటి సభలో జనగణమన పాడిరి. ఫిబ్రవరి 28వ తేదీన దానిని స్వయముగ ఆంగ్లమున అనువదించి వ్రాసిరి. సంగీతమున పట్టభద్రురాలైన మార్గరెట్ కజిన్స్ రాగమును స్వరలిపిలో కూర్చెను. ఇది ఎల్లరు ఎరిగినదే. దీని ఉత్తరకథ మాత్రము అందఱు తలపరు. 1937లో జాతీయగీతముపై వాదము చెలరేగినపుడు కజిన్స్ ఈ గీతమునే అధికారికముగ స్వీకరింపవలెనని పత్రికాముఖమున కోరెను. 1950 జనవరి 24న రాజ్యాంగసభ ఆ గౌరవము నిచ్చునప్పటికి ఆయన డెబ్బదియారేండ్ల వృద్ధుడు.

కజిన్స్ కనబడిన కవినెల్ల పొగడునని ఒక ఆక్షేపణ చేయవచ్చును. అన్నముతోపాటు గడ్డిని గూడ తినువాడు సతృణాభ్యవహారి. ఆయన ఆ జాతి భావకుడని దాని తాత్పర్యము. ఆయన వ్రాసిన ప్రశంసలన్నియు నిలువదగినవి కావు, నిజమే. కాని 1924లో మైసూరున జరిగిన సంగతి చూడుడు. కుప్పళి వెంకటప్ప పుట్టప్ప యను విద్యార్థి తన ఆంగ్ల పద్యములను ఆయనకు చూపెను. తన భాషలో వ్రాయవచ్చునని ఎంచి పొంగిపోవుటకు మాఱుగా, మాతృభాషలో వ్రాయుమని కజిన్స్ అతనికి చెప్పెను. యువకునికి కోపము వచ్చెను, కాని మాట నాటుకొనెను. ఆ యువకుడే కువెంపు. ఆయన రచించిన శ్రీరామాయణ దర్శనమునకు 1955 సంవత్సరపు సాహిత్య అకాదెమీ పురస్కారము లభించెను. ఇచ్చకములు పలుకువాడు అట్టి హితవు చెప్పడు. సంస్కృతాంధ్రములు బోధించువారికి ఈ యొక్క సంఘటన చాలును.

కజిన్స్ స్వీయ పద్యములు నేడు చదువువారు కొలదిమంది. వాని ఛందస్సు నిర్దుష్టమే యైనను భావము పలుమార్లు ముందే తెలిసిపోవును. కారయిత్రీ ప్రతిభలో ఆయన మధ్యముడని ఒప్పుకొనుటకు సంకోచింపనక్కఱలేదు. కాని ఆయన లేనిచో అరవిందుల గ్రంథము ఆ రూపమున పుట్టెడిది కాదు, రవీంద్రుల అనువాదము మదనపల్లెలో పుట్టెడిది కాదు.

కవి దినచర్యను వివరించుచు రాజశేఖరుడు మధ్యాహ్న భోజనానంతరము కావ్యగోష్ఠి, ఆ పిమ్మట కొలదిమంది మిత్రులతో ఉదయరచనను పరీక్షించుట విధించెను. వృద్ధాప్యమున కజిన్స్‌కు ఆ పరిమిత పరిషత్తు భార్యయే. అఖిలభారత మహిళా మహాసభకు మూలస్తంభమైన మార్గరెట్ 1940 దశకమున పక్షవాతమునకు గురియైనను, దంపతులిద్దరు కలిసి స్వీయచరిత్రను సాగించి 1950లో ప్రకటించిరి. ఒక ప్రకరణమున భర్త, మరియొక ప్రకరణమున భార్య మాటలాడుదురు. మిత్రుల ప్రసంగములు, లేఖల ముచ్చటలు అందు విరివిగ కలవు. 1954లో మార్గరెట్ గతించెను. ఆ గ్రంథమునందలి పేర్లను ఒక్కొక్కటిగ గుర్తించి, అకారాదిగ పట్టిక వేసి, ఏ లేఖ ఎవరికి ఎప్పుడు పోయెనో నిర్ణయించు పని ప్రాచ్య కళాశాల విద్యార్థి యెవడైనను చేపట్టదగినది. చిత్రకళకు ఆయన చేసిన సేవ వేఱొక వ్యాసమునకు తగిన విషయము.