కారు అద్దం హ్యాండిల్ వదులైతే...

మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయినా, మా మధురవాడ రోడ్ల మీద ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. అద్దం దించే హ్యాండిల్ వదులైతే చాలామంది గమ్ పెట్టేస్తారు. నేనైతే వద్దంటాను.

ఆ హ్యాండిల్‌కి స్క్రూ ఉండదు. లోపలి పళ్లు షాఫ్ట్ పళ్లను పట్టుకుంటాయి. వెనక గుర్రపునాడా ఆకారపు స్ప్రింగ్ క్లిప్పు అది ఊడకుండా ఆపుతుంది.

ముందు అద్దం పూర్తిగా ఎత్తండి. హ్యాండిల్‌కీ వాషర్‌కీ మధ్య గుడ్డపీలిక దూర్చి అటూ ఇటూ లాగండి. క్లిప్పు ఎగిరొస్తుంది, చెయ్యి అడ్డం పెట్టుకోండి.

తిప్పితే అద్దం కదులుతూ, హ్యాండిల్ మాత్రం ఊడొస్తుంటే లోపం క్లిప్పుది. మన సముద్రపు గాలికి ఇనుము తుప్పు పట్టడం మామూలే. తిప్పినా హ్యాండిల్ ఊరికే జారుతుంటే పళ్లు అరిగినట్టు. షాఫ్ట్ ఉక్కుది కాబట్టి సాధారణంగా ముందు అరిగేది హ్యాండిలే. అదొక్కటీ మారిస్తే చాలు. గమ్ పెడితే మళ్లీ తీయడం కష్టం, బాగున్న షాఫ్ట్ కూడా పాడవ్వొచ్చు.

బిగించేటప్పుడు క్లిప్పుని ముందు హ్యాండిల్ గాడిలో పెట్టి, షాఫ్ట్ మీదకి నొక్కండి. టిక్కుమంటే కూర్చున్నట్టే.

చిన్న పనే కదా అని వాయిదా వేయకండి. ప్రమాదంలో తలుపు ఇరుక్కుంటే, బయటపడే దారి ఆ కిటికీయే.