క్యారెట్ నారింజ రంగు: డచ్చివారి ఐతిహ్యం, విస్తరణ బోధనలో దాని స్థానం

పోషకాహార శిక్షణ తరగతులలో క్యారెట్ ప్రస్తావన వచ్చినపుడు ఒక కథ వినిపించడం పరిపాటి. పూర్వం క్యారెట్లు ఊదా, పసుపు, తెలుపు రంగులలో ఉండేవని, డచ్చి రైతులు తమ రాజవంశమైన ఆరెంజ్ వంశాన్ని గౌరవించడానికి నారింజ రంగు క్యారెట్‌ను సృష్టించారని ఆ కథ సారాంశం. చెప్పడానికి సులభమైనది, వినడానికి ఇంపైనది, విద్యార్థికి ఒక్కసారి చెబితే గుర్తుండిపోయేది. అందుకే ఇది పాఠ్య ప్రసంగాలలోకి, కరపత్రాలలోకి ఎవరూ పరీక్షించకుండానే ప్రవేశించింది. ఈ కథలో ఎంత చరిత్ర ఉన్నది, ఎంత కల్పన ఉన్నది, గోదావరి డెల్టాలో పనిచేసే విస్తరణ శాస్త్రవేత్తకు దీనితో ఏమి పని అన్న ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఐతిహ్యం

కథలోని రాకుమారుడు ఒకటవ విలియం (1533–1584). దక్షిణ ఫ్రాన్సులోని ఆరెంజ్ అనే చిన్న సంస్థానం 1544లో ఆయనకు వారసత్వంగా లభించింది. స్పెయిన్ రాజుపై 1568లో మొదలైన తిరుగుబాటుకు నాయకత్వం వహించి, 1584లో డెల్ఫ్ట్ నగరంలో హత్యకు గురైన ఈయనను డచ్చివారు జాతిపితగా భావిస్తారు.

ఆ ఊరి పేరుకు పండుతో సంబంధం లేకపోవడం గమనార్హం. రోమనుల కాలంలో ఆ ఊరు అరౌసియో. ఆ పేరే క్రమంగా అరిగి ఆరెంజ్ అయినది. పండు పేరు వచ్చిన దారి వేరు. సంస్కృత నారంగ శబ్దం పారశీకంలో నారంగ్‌గా, అరబ్బీలో నారంజ్‌గా, స్పానిష్‌లో నరాంజాగా మారి, ఫ్రెంచిలో మొదటి నకారాన్ని కోల్పోయి ఊరి పేరుతో కలిసిపోయింది. నారంగ శబ్దానికి మూలం ద్రావిడ భాషలలోనే ఉన్నదని భాషావేత్తలలో పలువురి అభిప్రాయం. అంటే తెలుగువాడు నారింజ అని పలికినపుడు, డచ్చివాడు ఒరాన్యె అని పలికినపుడు ఇద్దరూ ఒకే మాటను రెండు కొసల నుండి పలుకుతున్నారు. ఒక ఊరి పేరు, ఒక పండు పేరు ఉచ్చారణలో ఒకటైనందున ఒక రాజవంశానికి రంగు లభించింది. తిరుగుబాటు కాలపు డచ్చి జెండాలో నారింజ, తెలుపు, నీలం పట్టీలుండేవి. 17వ శతాబ్దిలో నారింజ స్థానాన్ని ఎరుపు ఆక్రమించింది. నేటికీ ఏప్రిల్ 27న జరిగే రాజు జన్మదినోత్సవంలో దేశమంతా నారింజ రంగు దుస్తులు ధరిస్తుంది.

క్యారెట్ ఈ సంస్కృతిలోకి మరికొన్ని దారులలో కూడా వచ్చింది. స్పెయిన్ సేనల ముట్టడి నుండి లైడెన్ నగరం 1574 అక్టోబరు 3న విముక్తి పొందినపుడు, శత్రువులు వదలి పారిపోయిన శిబిరంలో ఒక బాలునికి ఉడికించిన దుంపకూర కుండ దొరికినదని జనశ్రుతి. ఆ జ్ఞాపకార్థం ఏటా అదే రోజున లైడెన్ వాసులు హుట్స్‌పాట్ అనే వంటకం తింటారు. నేటి హుట్స్‌పాట్‌లో ఉండేవి క్యారెట్, ఉల్లి, బంగాళాదుంప. ఆ కాలానికి అక్కడి వంటలో బంగాళాదుంప లేదు. ఆ స్థానంలో పార్స్‌నిప్ అనే తెల్లని దుంప ఉండేదని చెబుతారు. పండుగ నిలిచింది, కుండలోని పదార్థం మారింది. డిసెంబరులో సింటర్‌క్లాస్ పండుగకు పిల్లలు తమ బూట్లలో ఆ సాధువు గుర్రం కోసం క్యారెట్ పెట్టడం మరొక ఆచారం.

రాజకీయం కూడా దీనిని విడిచిపెట్టలేదు. 1780లలో ఆరెంజ్ వంశాన్ని వ్యతిరేకించిన పేట్రియాట్ వర్గం బలపడినపుడు నారింజ రంగు ధరించడమే ద్రోహంగా పరిగణించబడింది. అంగడిలో క్యారెట్లను దుంపలు ప్రస్ఫుటంగా కనబడేటట్లు పేర్చడం కూడా రెచ్చగొట్టే చర్యగా భావింపబడినదని చరిత్రకారుడు సైమన్ షామా పేర్కొన్నాడు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. క్యారెట్ రాజవంశానికి చిహ్నం కావడం చారిత్రక సత్యమే. కాని చిహ్నంగా వాడుకోవడం వేరు, చిహ్నం కోసం సృష్టించడం వేరు. మొదటిదానికి సాక్ష్యం ఉన్నది. రెండవదానికి సమకాలీన పత్రం ఒక్కటీ వెలుగు చూడలేదు. జనం నోట ఈ రెండూ కలిసిపోయినవి.

చిత్రపటాలు, విత్తనాలు, జన్యువులు

క్యారెట్ జన్మస్థానం మధ్య, పశ్చిమ ఆసియా. ఆఫ్ఘనిస్థాన్ ప్రాంతం దానికి ముఖ్య కేంద్రం. అడవి క్యారెట్ దుంప తెల్లగా, పీచుతో, చేదుగా ఉంటుంది. తొలుత సాగులోకి వచ్చినవి ఊదా, పసుపు రకాలు. అరబ్బుల ద్వారా ఇవి స్పెయిన్ చేరినవి. 12వ శతాబ్దిలో సెవిల్ నగరవాసి ఇబ్న్ అల్ అవ్వామ్ తన వ్యవసాయ గ్రంథంలో రెండు రంగుల క్యారెట్లను పేర్కొన్నాడు. అక్కడి నుండి అవి ఉత్తర ఐరోపాకు వ్యాపించినవి.

16వ శతాబ్ది నడుమ పీటర్ ఆర్ట్‌సెన్, యోఆహిమ్ బ్యూకెలార్ గీసిన అంగడి దృశ్యాలలో పసుపు, నారింజ ఛాయల దుంపలు కనిపిస్తాయి. విలియం నాయకత్వంలో తిరుగుబాటు మొదలు కాకముందే ఆర్ట్‌సెన్ ఇటువంటి పటాలు గీసినాడు. క్రీ.శ. 512 నాటి వియన్నా డయాస్కారిడెస్ వ్రాతప్రతిలోని ఒక చిత్రంలో దుంప నారింజ రంగులోనే ఉన్నట్లు తోస్తుంది. అయితే శతాబ్దాల నాటి వర్ణద్రవ్యం మీద మితిమీరిన భారం మోపరాదు. 20వ శతాబ్ది మధ్యలో వాగనింగన్‌కు చెందిన పరిశోధకుడు ఓ. బంగా ఇటువంటి చిత్రపటాలను, పాత విత్తన జాబితాలను పరిశీలించి, నేటి నారింజ రకాలు 17వ శతాబ్ది నెదర్లాండ్స్‌లో స్థిరపడినవని ప్రతిపాదించాడు. ప్రపంచ ప్రసిద్ధమైన హార్న్ తరగతి క్యారెట్లు హోర్న్ పట్టణం పేరు మీద ఏర్పడినవే. కనుక రకాలను స్థిరీకరించి, విత్తనాన్ని శుద్ధిగా నిలబెట్టి, లోకానికి అందించిన ఘనత డచ్చి తోటమాలులదే. రాకుమారుని పేరు తీసివేసినా ఆ ఘనతకు లోటు రాదు.

జన్యుశాస్త్రం చెప్పే విషయం మరింత ఆసక్తికరం. 2016లో వెలువడిన క్యారెట్ జన్యుపట పరిశోధన 32,113 జన్యువులను గుర్తించింది. 2023లో 630 నమూనాలపై జరిగిన మరొక అధ్యయనం, తెలుపు, పసుపు క్యారెట్ల సంకరం వలన పశ్చిమ ఐరోపాలో నారింజ రకం ఏర్పడినదని, దాని రంగుకు మూడు జన్యువులు కీలకమని, ఆ మూడూ అంతర్గత స్థితిలో ఉండవలెనని నిర్ధారించింది. అనగా నారింజ రంగు కొత్త శక్తి చేరడం వలన వచ్చినది కాదు. కొన్ని జన్యువుల పని ఆగిపోవడం వలన బీటా కెరోటిన్ దుంపలో పేరుకొన్నది.

విద్యార్థులు ఈ ఒక్క అంశాన్ని సాగు పద్ధతితో జోడించి ఆలోచిస్తే ఐతిహ్యం బలహీనత తానుగా బయటపడుతుంది. క్యారెట్ పరపరాగ సంపర్క పంట. పశ్చిమ దేశపు రకాలు ద్వివార్షికాలు: మొదటి సంవత్సరం దుంప ఊరుతుంది, చలికాలపు శీతలం తగిలిన తరువాత రెండవ సంవత్సరం పూత వస్తుంది. తోటమాలి దుంపను తవ్వి, రంగు చూసి, మంచిదానిని దాచి, మరల నాటి, విత్తనం తీయవలెను. పొరుగు చేనిలో పసుపు రకం పూస్తే తేనెటీగలు ఆ పుప్పొడిని తెస్తాయి. అంతర్గత లక్షణమైన నారింజ తరువాతి తరంలో మరుగుపడుతుంది. ఒక్కొక్క తరానికి రెండేళ్లు చొప్పున, ఇరుగుపొరుగుల ఒప్పుదలతో, అనేక తరాల పాటు ఎంపిక సాగితే తప్ప రంగు నిలువదు. ఇది ఒక రాజుకు కానుకగా ఒక రైతు చేసి ఇచ్చే పని కాదు. ఊదా దుంప ఉడికించిన నీటిని, కూరను నల్లబరచేది. నారింజ దుంపకు ఆ దోషం లేదు. వంటింటి ఇష్టం, అంగడి ధర ఈ ఎంపికకు చాలినంత కారణాలు.

పాలకొల్లు, ద్రాక్షారామం: మరొక వేరు, మరొక రంగు

డచ్చివారు కోనసీమకు అపరిచితులు కారు. 1602లో ఏర్పడిన వారి తూర్పు ఇండియా కంపెనీకి ఆరు శాఖలుండగా వాటిలో ఒకటి పైన చెప్పిన హోర్న్ పట్టణంలోనిదే. పాత తెలుగులో ఒలందావారని వ్యవహరింపబడిన వీరు మచిలీపట్నంలో స్థిరపడి, 17వ శతాబ్దిలో వశిష్ఠకు ఆవల పాలకొల్లులోను, గౌతమికి ఆవల ద్రాక్షారామంలోను వర్తక స్థానాలు నెలకొల్పినారు. రాజోలు, అమలాపురం, కొత్తపేట ప్రాంతాలు ఈ రెండింటి నడుమ ఉన్నవి.

వారు ఇక్కడికి వచ్చినది కూరగాయల కోసం కాదు, రంగు బట్టల కోసం. ఆ ఎరుపు కూడా ఒక వేరు నుండి వచ్చినదే. తీరపు ఇసుక నేలలలో పెరిగే చిరివేరు (ఓల్డెన్‌లాండియా అంబెల్లేటా) వేళ్లలోని అలిజారిన్, కరక్కాయ రసంలో నానబెట్టి పటిక పట్టించిన నూలుపై చెదరని ఎరుపుగా నిలుస్తుంది. నీలిమందు ఆకు నుండి నీలం వచ్చేది. ఐరోపా గృహాలలో తెరలుగా, దుస్తులుగా వెలసిన కోరమాండల్ అద్దకపు వస్త్రాల వెనుక ఈ వేరు, ఈ ఆకు, వాటి పదును తెలిసిన అద్దకపువారి చేతులు ఉన్నవి. ఒక దేశంలో దుంప రంగుకు రాకుమారుని కథ అల్లుకున్నది. ఆ దేశపు నౌకలు మోసికొనిపోయిన వేరు రంగుకు మాత్రం ఏ వీరగాథా లేదు. 19వ శతాబ్దిలో కృత్రిమ అలిజారిన్ వచ్చిన తరువాత చిరివేరు సాగు క్షీణించింది. నేటి వ్యవసాయ పట్టభద్రులలో ఆ మొక్కను గుర్తుపట్టగలవారు అరుదు.

క్యారెట్ విషయానికి వస్తే, తెలుగు నిఘంటువులలో గాజర, పచ్చముల్లంగి అన్న పేర్లు ఉన్నవి. పచ్చ అనగా పాత తెలుగులో పసుపు కూడా. ఆ పేరు పసుపు దుంపను చూసినవారు పెట్టినదిగా తోస్తుంది. వాడుకలో నిలిచిన క్యారెట్ అన్న మాట ఆంగ్లం ద్వారా, నారింజ రకంతో పాటు వచ్చినది.

రంగు, విటమిన్, కోనసీమ పెరడు

ఐతిహ్యం వలన హాని ఏమిటన్న ప్రశ్న సహజం. కథ ఒక్కటే అయితే హాని లేదు. కాని దాని వెంట మరొక భావం నడిచి వస్తుంది: నారింజ రంగే విటమిన్-ఏ, క్యారెట్టే కంటికి మందు. రెండవ ప్రపంచ యుద్ధంలో తమ వైమానికులు క్యారెట్లు తిని చీకటిలో చూడగలుగుతున్నారని బ్రిటిష్ ప్రభుత్వం చేసిన ప్రచారం దీనికి బలమిచ్చింది. రాడార్ సంగతి శత్రువుకు తెలియకుండా ఉండటానికి ఆ ప్రచారం అక్కరకు వచ్చింది.

వర్ణద్రవ్యాలన్నీ ఒకటి కావు. నారింజ క్యారెట్‌లోని ఆల్ఫా, బీటా కెరోటిన్లు శరీరంలో విటమిన్-ఏగా మారుతాయి. ఉత్తర భారతపు ఎర్ర క్యారెట్‌కు ఎరుపునిచ్చే లైకోపీన్ మారదు. పూసా అసిత వంటి నల్ల రకాలలోని ఆంథోసయనిన్ మారదు. పసుపు రకాలలోని ల్యూటిన్ కంటికి మేలు చేసేదే అయినా విటమిన్-ఏ మాత్రం కాదు. ముదురు రంగు ఉంటే విటమిన్ ఎక్కువ అని చెప్పే బోధకుడు తెలియకుండానే తప్పు బోధిస్తున్నాడు.

అంతకంటె ముఖ్యమైనది కంటికి కనబడని రంగు. మునగాకు, తోటకూర, బచ్చలిలో బీటా కెరోటిన్ పుష్కలంగా ఉన్నది. పత్రహరితం దానిని కప్పివేయడం వలన ఆకు పచ్చగా కనిపిస్తుంది. ఇవి కోనసీమలో కొబ్బరి తోటల గట్ల మీద, పెరళ్లలో డబ్బు పెట్టకుండా దొరికేవి. విందులలో కందా బచ్చలి కూర వడ్డించే సీమ ఇది. క్యారెట్ దుంపలో రంగు చక్కగా ఏర్పడటానికి 15–20 డిగ్రీల ఉష్ణోగ్రత అనుకూలం. తీరప్రాంతపు శీతాకాలం అంత చల్లనిది కాదు. అందువలన ఇక్కడి అంగళ్లకు క్యారెట్ నీలగిరి, కర్ణాటక ప్రాంతాల నుండి రావలసినదే. గర్భిణికి, పసిపిల్ల తల్లికి క్యారెట్ కొనమని చెప్పి పెరటి మునగను విస్మరించడం ఆ కుటుంబానికి ఖర్చు, ఆ సలహాకు లోపం. నూనె చుక్క లేకుండా ఉడికించిన ఆకులోని కెరోటిన్ సరిగా ఒంటబట్టదన్న మాట కూడా అదే పాఠంలో చేర్చవలసి ఉన్నది.

దుంపలలోనే నారింజ రంగు కావాలనుకొంటే చిలగడదుంప ఉన్నది. కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ రూపొందించిన భూ సోనా రకంలో 100 గ్రాములకు సుమారు 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉన్నది. తీగ ముక్కతో నాటుకొనే పంట కనుక విత్తన శుద్ధి సమస్య లేదు, శీతలం అవసరం లేదు. పెండలంలో ఊదా గుజ్జు రకాలు ఉన్నవి; వాటి విలువ వేరు, వాటిని విటమిన్-ఏ జాబితాలో చేర్చరాదు.

ఎంపిక చేసిన రైతు పేరు నమోదైతే కథ ఎట్లుండునో చూపడానికి మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉన్నది. గుజరాత్‌లో జునాగఢ్ జిల్లాకు చెందిన వల్లభభాయ్ వశ్రామ్‌భాయ్ మార్వానియా, పశువుల మేతగా వాడుకలో ఉన్న స్థానిక క్యారెట్‌ను 1943లో గమనించి, సాగు చేసి, ఎంపిక ద్వారా మెరుగుపరచినారు. కెరోటిన్, ఇనుము అధికంగా గల ఆ రకమే మధువన్ గాజర్. 2019లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆ రకం వెనుక రాజు లేడు, ఏ సంవత్సరంలో ఎవరు ఏ దుంపను ఏరినారో చెప్పగల ఆధారం ఉన్నది.

గోదావరి జిల్లాలలో ఇటువంటి నమోదుకు అవకాశం తక్కువేమీ కాదు. కందలో నేడు విస్తారంగా సాగవుతున్న గజేంద్ర రకం కొవ్వూరు పరిశోధన స్థానం స్థానిక కంద నుండి ఎంపిక చేసినదే. అరటిలో తెల్ల చక్కెరకేళి, ఎర్ర చక్కెరకేళి అని రంగుతోనే పేర్లు నిలిచినవి. లంకగ్రామాలలో పెండలం, చేమ, కంద నాటు రకాలను పరిశీలించే విద్యార్థి గుజ్జు రంగును కోసిన వెంటనే, ఉడికిన తరువాత వేరువేరుగా వ్రాసికొనవలెను. నాటు దుంప ఏ ఊరి నుండి, ఎవరి పుట్టింటి నుండి వచ్చినదో అడగవలెను. దుంపలు తరచు ఆడపడుచుల వెంట ఊళ్లు మారుతాయి, కనుక ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలవారు పొలంలో కంటె వంటింటిలో ఎక్కువగా దొరుకుతారు.