అతినీలలోహిత కిరణాలు – సముద్ర చేపల పిండాలు

"ఓజోన్ తగ్గితే సముద్ర జీవులకు హాని" అని రాసి చాలామంది అభ్యర్థులు ఆపేస్తారు. ఏ దశలో, ఎంత లోతులో, ఎలా జరుగుతుందో చెబితేనే జవాబుకు బలం.

ఏ కిరణం ఎంతవరకు?

యూవీ-సి (100–280 నానోమీటర్లు) భూమిని చేరదు. యూవీ-బి (280–315)లో ఎక్కువ భాగాన్ని ఓజోన్ పీల్చుకుంటుంది. యూవీ-ఎ (315–400) చాలావరకు కిందికి వస్తుంది. ఓజోన్ పలచబడితే ప్రధానంగా పెరిగేది యూవీ-బి.

నీటిలో దాని ప్రయాణం నీటి తీరును బట్టి ఉంటుంది. నిర్మలమైన నడిసముద్రంలో చాలా లోతుకు దిగుతుంది. బురద, కరిగిన సేంద్రియ పదార్థం కలిసిన తీర జలాల్లో పైపైనే ఆగిపోతుంది. అందుకే వరదకాలపు గోదావరి ముఖద్వారంలోని గుడ్డుకు ఉన్న చాటు నడి బంగాళాఖాతంలో తేలే గుడ్డుకు ఉండదు.

గుడ్డు దశలోనే ముప్పు ఎందుకు?

అట్లాంటిక్ కాడ్ చేప గుడ్డును చూడండి. సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల గాజుపూసలా ఉంటుంది. పొలుసులు లేవు, మొదట్లో రంగు కణాలూ ఉండవు. ఎండ తగిలితే కిందికి ఈదిపోలేదు. చల్లని నీటిలో పిల్ల బయటికి రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అన్నాళ్లూ అది నీటి పైపొరల్లో తేలుతూనే ఉంటుంది.

కణంలో ఏం జరుగుతుంది?

యూవీ-బి తగిలితే డీఎన్ఏలో పక్కపక్కనే ఉన్న రెండు థైమీన్‌లు అతుక్కుపోతాయి. ఇదే థైమీన్ డైమర్. డీఎన్ఏ ప్రతికృతి అక్కడ ఆటంకపడుతుంది. పిండంలో కణాలు వేగంగా విభజన చెందుతుంటాయి కాబట్టి దెబ్బ గట్టిగా తగులుతుంది. వెన్ను వంకరపోవడం, గుండె చుట్టూ నీరు చేరడం, గుడ్డులోనే చనిపోవడం దీని ఫలితాలు. 1970ల చివర్లో కాలిఫోర్నియాలో నెత్తళ్ల జాతి పిల్లలపై చేసిన ప్రయోగాల్లో మెదడులో, కళ్లలో గాయాలు కనిపించాయి, ఎదుగుదల మందగించింది. చావని పిల్లనూ నష్టం కిందే లెక్కించాలి. చూపు దెబ్బతింటే అది ఆహారాన్ని పట్టుకోలేదు.

రక్షణ ఏర్పాట్లు

ఫోటోలయేజ్ అనే ఎంజైమ్ నీలి కాంతి, యూవీ-ఎ శక్తితో డైమర్‌ను విడదీస్తుంది. చేపల్లో ఇది ఉంది, మనుషుల్లో లేదు. గుడ్లలో ఉండే గాడుసాల్ అనే పదార్థం యూవీ-బిని పీల్చుకుంటుంది. దీన్ని మొదట కాడ్ గుడ్లలో గుర్తించారు. చేపలు దీన్ని సొంతంగా తయారుచేసుకోగలవని 2015లో జీబ్రాఫిష్‌పై పరిశోధన తేల్చింది.

అంటార్కిటికా ఉదాహరణ

ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ 1985లో ఓజోన్ రంధ్రాన్ని వెల్లడించారు. అది ఏర్పడే వసంతంలోనే అక్కడి ఐస్‌ఫిష్ గుడ్లు నీటిలో ఉంటాయి. వాటి డీఎన్ఏలో యూవీ-బి నష్టాన్ని 1990లలో కొలిచారు. మాంట్రియల్ ఒప్పందం (1987 సెప్టెంబరు 16) గురించి రాసేటప్పుడు ఈ ఉదాహరణ తప్పక వాడుకోండి.

అలాగని "యూవీ వల్లే చేపల సంపద తగ్గింది" అని రాయకండి. కెనడాలోని సెయింట్ లారెన్స్ సింధుశాఖ కాడ్ గుడ్లపై జరిగిన అధ్యయనాలు ముప్పు ఉపరితలానికి దగ్గరగానే ఎక్కువని చూపాయి. అలలు నీటిని కలియబెట్టడంతో చాలా గుడ్లు లోతుకు చేరి తప్పించుకుంటాయి.

సాధన ప్రశ్న

సరైనది ఏది?
1) యూవీ-ఎ చేప పిండానికి ఏ విధంగానూ ఉపయోగపడదు.
2) కరిగిన సేంద్రియ పదార్థం పెరిగితే యూవీ-బి చేరే లోతు తగ్గుతుంది.

జవాబు: 2 మాత్రమే. ఫోటోలయేజ్ పనిచేయడానికి యూవీ-ఎ తోడ్పడుతుంది కాబట్టి 1 తప్పు.